కంచె దాటిన గరిక

నా నోరు మంచిది కాదని ఊరంతా అంటుంది. అననివ్వండి. జీవితమంతా బడి బస్సు నడిపినదాన్ని నేను. వెనక సీట్లలో గుద్దులాడుకునే పిల్లలను అద్దంలో చూసుకుంటూ, మంచు పడ్డ మలుపుల్లో స్టీరింగు తిప్పినదాన్ని. మెత్తగా మాట్లాడి ఉంటే ఒక్కడూ వినేవాడు కాదు. ఉద్యోగం పోయింది, నోరు మిగిలింది. మా ఆయన హోబర్ట్ పోయాక ఆ నోటికి కూడా పని తగ్గిపోయింది.

హోబర్ట్ నాకు వదిలి వెళ్ళింది ఒక ఇల్లూ, ఇంటి వెనక పచ్చికా. పచ్చిక అంటే ఏదో గడ్డి అనుకునేరు. అసలు సిసలు బ్లూగ్రాస్, చలికి జంకని మెత్తటి సన్నగడ్డి. కెంటకీలో పుట్టినవాళ్ళకు దాని గురించి నేను చెప్పక్కర్లేదు. ఆదివారం చర్చి నుంచి వచ్చి, మెడలో టై కూడా విప్పకుండా మోకాళ్ళమీద కూర్చుని కలుపు ఏరేవాడు. "నా మొహం ఎప్పుడైనా అంతసేపు చూశావా?" అని దెప్పేదాన్ని. "నీ మొహంలో కలుపు లేదుగా" అనేవాడు. ఆయన పోయాక ఆ పచ్చికను నేనూ అలాగే కాపాడుకుంటూ వచ్చాను. కౌంటీ మొత్తంలో అలాంటిది ఇంకొకటి ఉంటే చూపించమనండి.

పచ్చిక చివర వైరు కంచె. కంచెకు అవతల హైస్కూలు ఫుట్‌బాల్ మైదానం. ఆ మైదానాన్ని చూసుకునేవాడు డెల్మర్ క్రాబ్‌ట్రీ. ఇప్పుడు అరవైకి దగ్గరపడ్డాడు గానీ, చిన్నప్పుడు నా బస్సులో ఎక్కినవాడే. మలుపు తిరిగితే చాలు వాంతి చేసుకునేవాడు, అందుకని నా వెనక సీట్లోనే కూర్చోబెట్టేదాన్ని. పెళ్ళాం ఎప్పుడో ఎవాన్స్‌విల్ వెళ్ళిపోయింది. నది ఒడ్డున ఒక రేకుల ఇంట్లో ఒక్కడే ఉంటాడు.

సాయంత్రం పని ముగించుకుని కంచె స్తంభానికి ఆనుకుని నిలబడేవాడు. నేను చల్లటి టీ తీసుకెళ్ళి కంచె పైనుంచి అందించేదాన్ని. ఇక అక్కడి నుంచి మొదలు. వాన పడుతుందా లేదా, పాస్టరు ప్రసంగం ఎంత సాగదీశాడు, కోచ్‌కు బుర్ర ఉందా, చిక్కుడు గింజల్లో పంచదార వెయ్యొచ్చా. వెలుగు పోయేదాకా పోట్లాడుకునేవాళ్ళం. రోజు మొత్తంలో నన్ను, బస్సు పిల్లల అలవాటుగా 'మిస్ ఐవా' అని, పేరు పెట్టి పిలిచే గొంతు అదొక్కటే. ఆ సంగతి అతనికి నేనెప్పుడూ చెప్పలేదు. ఎందుకు చెప్తాను?

కిందటేడు వసంతంలో ఒక సాయంత్రం గ్లాసు అందుకుంటూ అన్నాడు.

"మిస్ ఐవా, మీకో మాట చెప్పాలండీ. అరవకండి."

"అరవకండి అన్నావంటే అది అరవాల్సిన మాటే. చెప్పు."

"మైదానం మార్చేస్తున్నారు. బ్లూగ్రాస్ తీసేసి బెర్ముడా వెయ్యాలంట."

"బెర్ముడా ఏవిటి, ఓడ పేరా?"

"అదేనండీ..." అని టోపీ వెనక్కి తోసుకున్నాడు. "గరిక."

పొగాకు చేలో గరిక కనబడితే మా నాన్న ఆ పూట తిండి మానేసేవాడు. పిల్లలందరం వరసగా వంగి తవ్వేవాళ్ళం. ఒక్క కణుపు మట్టిలో మిగిలితే వారం తిరిగేసరికి అక్కడ మళ్ళీ అదే దరిద్రం. తవ్వినది నేలమీద పడేస్తే వాన తగిలి బతుకుతుందని తీసుకెళ్ళి కంచె తీగలమీద ఆరేసేవాళ్ళం.

"మతి పోయిందా నీకు? మా నాన్న జన్మంతా పీకిన పీడను నువ్వు కొని తెచ్చి నాటతావా?"

"లారీడు వస్తుందండీ" అన్నాడు నవ్వాపుకుంటూ.

"నవ్వకు! ఉన్న గడ్డికేమొచ్చింది?"

"ఆగస్టు ఎండకి సగం చచ్చిపోతోందండీ. అక్టోబరు వచ్చేసరికి నడిమధ్య బురదే. పిల్లలు జారిపడి మోకాళ్ళు విరగ్గొట్టుకుంటున్నారు. గరికకి ఎండే బలం. ఎంత తొక్కితే అంత అల్లుకుంటుంది."

"మరి చలికాలం?"

"మంచు తగిలాక ఎండిపోయి పడుకుంటుంది. చావదు. ఎండలొస్తే లేస్తుంది."

"అంటే సగం ఏడాది నా కిటికీలోంచి గోనెపట్టా చూడాలన్నమాట."

ఆ సమయానికి కోచ్, మరో ఇద్దరు బడి పెద్దమనుషులు కొలతలు తీసుకుంటూ దగ్గరలోనే ఉన్నారు. నలుగురు వింటున్నారంటే నా గొంతు ఇంకాస్త లేస్తుంది. అదొక జబ్బు.

"విను డెల్మర్! ఆ గరిక ఒక్క పోచ నా కంచెకి ఇవతల కనబడిందా, ఆ రోజుతో నీకూ నాకూ మాటల్లేవు. మళ్ళీ నీతో మాట్లాడితే నా పేరు ఐవా హార్న్‌బ్యాక్ కాదు!"

కోచ్ పకపకా నవ్వాడు. డెల్మర్ నవ్వలేదు. "దాటదండీ" అన్నాడు.

మే నెల చివర పాత గడ్డి చావడానికి మందు కొట్టారు. కళ్ళముందే ఆ పచ్చదనమంతా పసుపై, గడ్డివాము రంగుకు తిరిగింది. నేను వంటింటి కిటికీకి తెర లాగేశాను. జూన్‌లో లారీ వచ్చింది. అందులో ఉన్నది చూస్తే మొక్కలని ఎవరూ అనరు, ముక్కలు ముక్కలుగా తరిగిన కాడలు. వాటిని నేలంతా వెదజల్లి ఒక యంత్రంతో మట్టిలోకి నొక్కుకుంటూ పోయారు. ఆ తర్వాత నీళ్ళు, నీళ్ళు, నీళ్ళు. ఆదివారాలు కూడా డెల్మర్ అక్కడే. గడ్డి కోసే మెషీన్ దిగితే గొట్టం, గొట్టం వదిలితే మెషీన్. గరిక లేచింది. చెప్పినట్టే అల్లుకుంది, దాని బుద్ధి ఎక్కడికి పోతుంది!

మాట మాత్రం నిలబెట్టుకున్నాడు. వారం వారం పార పట్టుకుని కంచె పొడుగునా జానెడు వెడల్పున నేల బోడిగా గీసేసేవాడు. కంచె వైపు పాకిన తీగలు తెంపి, బక్కెట్లో వేసి నాకు చూపించేవాడు.

"చూడండి, ఒక్కటీ వదల్లేదు."

"నాకేం చూపిస్తావు? నా ఒట్టు గుర్తుపెట్టుకో చాలు."

"నిద్దట్లో కూడా అదే కదండీ."

జులైలో వెనక మెట్లమీద కాలు జారి పడ్డాను. తుంటి విరిగింది. ఆస్పత్రి, ఆ తర్వాత నడక నేర్పే చోట మంచం. పక్క మంచం ఆవిడకు చెవుడు. నా అదృష్టం అలా ఏడిచింది. ఒక ఆదివారం డెల్మర్ కాగితం సంచీలో టమాటాలు పట్టుకొచ్చాడు. కుర్చీ అంచున కూర్చుని టోపీని మోకాలిమీద తిప్పుతూ ఉన్నాడు.

"నా పచ్చిక అడివైపోయుంటుంది" అన్నాను.

"దాని సంగతి దేవుడు చూసుకుంటాడులెండి."

"దేవుడి దగ్గర గడ్డి కోసే మెషీన్ లేదు."

"ఉన్నవాళ్ళ చేత చేయిస్తాడు."

సెప్టెంబరులో చేతి కర్రతో ఇంటికొచ్చాను. అడివి లేదు. నీటుగా కోసిన పచ్చిక, ఆగస్టు ఎండ దాటి కూడా పచ్చగానే ఉంది. కోసిన గీతలు మాత్రం ఏటవాలుగా ఉన్నాయి. హోబర్టూ నేనూ ఎప్పుడూ కంచె పొడుగునా తిన్నగా కోసేవాళ్ళం. మైదానంలో రోజూ చూసే ఆ ఏటవాలు చెయ్యి ఎవరిదో నాకు అడగక్కర్లేదు. సాయంత్రం కంచె దగ్గరికి వెళ్ళి అన్నాను.

"ఎవడో తప్పతాగి నా పచ్చిక కోసినట్టున్నాడు. గీతలన్నీ వంకరే."

"అయ్యయ్యో! ఈ మధ్య దొంగలు మరీ ఎక్కువయ్యారండీ."

నేను కృతజ్ఞత చెప్పడమంటే అదే. అతనికి అర్థమైందనే అనుకున్నాను.

కొన్నాళ్ళకు పొద్దున్నే కాఫీ కప్పుతో పచ్చికలో నిలబడ్డాను. నా చెప్పు పక్కన సన్నటి తీగ, కణుపు కణుపుకూ వేరు దిగి ఉంది. చిన్నప్పటి నుంచి తెలిసిన మొహం. ఎక్కడున్నా గుర్తుపడతాను. ముందు కంచె వైపు చూశాను. గీసిన నేల బోడిగా, శుభ్రంగా ఉంది, ఒక్క తీగా దాటలేదు. మళ్ళీ కిందికి చూశాను. అక్కడొకటి, ఇక్కడొకటి, అన్నీ ఆ ఏటవాలు గీతల్లోనే. అప్పుడు తెలిసింది. మైదానంలో గరిక కోసి, అదే మెషీన్‌తో తిన్నగా నా పచ్చికలోకి వచ్చాడు. మెషీన్ అడుగున తడిగా అంటుకున్న ముక్కలు ఇక్కడ రాలాయి. నా గడ్డి ఎండిపోకూడదని తనే నీళ్ళు పెట్టాడు. పాపం, నాటి మరీ నీళ్ళు పోశాడు!

ఇంకో బడి మైదానం కోయడానికి పోతే, ముక్కలు అంటుకుని పోకుండా మెషీన్ ఎంత ఒళ్ళు దగ్గర పెట్టుకుని కడుగుతాడో నేను చూశాను. నా దగ్గరికి వచ్చేటప్పుడు కడగలేదు. నాది వేరే చోటు అని అతనికి తోచనే లేదు. అక్కడే నిలబడి ఏడ్చాను. గరిక కోసం కాదు.

చెప్తే కుంగిపోతాడు. చెప్పకపోతే నా ఒట్టు నన్ను చూసి వెక్కిరిస్తుంది. పోతే పోయింది ఒట్టు అనుకున్నాను. ఆ రోజు నుంచి పొద్దున్నే, అతను పనికి రాకముందే, పాత దిండు నేలమీద వేసుకుని మోకాళ్ళమీద కూర్చునేదాన్ని. విరిగిన తుంటి ప్రాణం తీసేది. పీకిన తీగలు బంగాళాదుంప తొక్కల కింద దాచి చెత్తబుట్టలో పడేసేదాన్ని. సాయంత్రం ఏమీ ఎరగనట్టు టీ గ్లాసుతో కంచె దగ్గరికి పోయేదాన్ని. దొంగను నేనే అయ్యాను. అయినా నిజం చెప్పాలంటే, హోబర్ట్ పోయాక అంత హాయిగా గడిచిన రోజులు నాకు లేవు. ఒక మనిషి కోసం పొద్దున్నే లేచే పని దొరికింది కదా.

కానీ గరికను పీకి గెలిచినవాడెవడు? అక్టోబరు చివర గట్టిగా మంచు పడింది. బ్లూగ్రాస్‌కు మంచు లెక్కలేదు, ఇంకా పచ్చబడింది. గరిక ఒక్క రాత్రిలో ఎండిపోయింది. తెల్లారి చూద్దును కదా, నా పచ్చిక నిండా గోధుమరంగు చారలు, తెగుతూ, కలుస్తూ, అన్నీ ఏటవాలుగా. నేను పీకింది పదోవంతు కూడా కాదు.

ఆ రోజు ఊరి జట్టు ఆఖరి ఆట. మధ్యాహ్నం డెల్మర్, ఆట చూసేవాళ్ళు కూర్చునే మెట్ల వరసల పైకెక్కి దీపాలు సరిచేస్తున్నాడు. పైనుంచి నా పెరడు అరచేతిలా కనబడుతుంది. నేను వంటింటి కిటికీ దగ్గర ఉన్నాను. అతను పని ఆపి ఇటు తిరగడం చూశాను. అలా చాలాసేపు నిలబడ్డాడు. మెల్లగా దిగి వెళ్ళిపోయాడు. సాయంత్రం కంచె దగ్గరికి రాలేదు. ఆట ఉంది కదా, తీరిక లేదులే అనుకున్నాను. మర్నాడూ రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

నాలుగైదు రోజుల తర్వాత తలుపు చప్పుడైంది. ముందు తలుపు. మా వైపు ముందు తలుపు ఎవరు తడతారు? ఓట్లడిగేవాళ్ళు, చావుకబురు తెచ్చేవాళ్ళు. అయినవాళ్ళు వెనక నుంచి కేక వేసుకుంటూ వచ్చేస్తారు. తెర సందులోంచి చూశాను. డెల్మర్. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. టోపీ రెండు చేతుల్లో పట్టుకుని, తల వంచుకుని ఉన్నాడు.

పొయ్యిమీద కాఫీ మరుగుతోంది. నేను కదల్లేదు. ఎందుకు కదల్లేదని నన్ను నేను ఎన్ని వందలసార్లు తిట్టుకున్నానో! అతను నాకు క్షమాపణ చెప్తాడు. నాకు మంచి చేసినందుకు, నా ఇంటి ముందు తల వంచుకుని క్షమించమంటాడు. అది నేను వినలేను. ఇవాళ పోనీ, రేపు కంచె దగ్గరికి వస్తే "ఏం దొంగా, చారలు బాగా గీశావు" అని ఒక్క మాట అంటే అంతా సర్దుకుపోతుందనుకున్నాను. మళ్ళీ తట్టాడు. కాసేపు ఆగాడు. మెట్లు దిగిన చప్పుడు వినిపించింది.

మర్నాడు టీ తీసుకుని కంచె దగ్గర నిలబడ్డాను. రాలేదు. అంతకంతకూ పొద్దు తొందరగా వాలిపోయే రోజులు. చల్లటి టీ మానేసి వేడి కాఫీ తీసుకెళ్ళాను. అది కూడా చల్లారిపోయింది.

చలికాలం ఎలా గడిచిందని అడక్కండి. అవతల మైదానం గోనెపట్టా, ఇవతల నా పచ్చికలో చారలు. రేడియోతో పోట్లాడాను, అది వినిపించుకోదు. ఒకసారి కొట్లో పాలు కొని డబ్బులిస్తూ మాట్లాడబోతే గొంతు బొంగురుగా, ఎవరిదో లాగా వచ్చింది. అన్ని రోజులు వాడకపోతే గొంతు కూడా తుప్పు పడుతుందని అప్పుడే తెలిసింది. వసంతంలో అతను మైదానంలో పని మొదలుపెట్టాడు. ఎప్పుడూ అవతలి వైపే. ట్రక్కులో పోతూ స్టీరింగుమీద రెండు వేళ్ళు ఎత్తేవాడు, ఊళ్ళో ఎవరికైనా ఎత్తినట్టు. నేనూ చెయ్యెత్తేదాన్ని. కేకేసి పిలవొచ్చు కదా అంటారు. బస్సులో అందరి చెవులు చిల్లులు పొడిచిన గొంతు, ఆ కంచె దాటి పోలేదు.

మే ఆఖరి ఆదివారం చర్చిలో కోచ్ భార్య చెప్పింది, డెల్మర్ వెళ్ళిపోతున్నాడని. విన్న వెంటనే లేచాను. ప్రార్థన సగంలో ఉంది, ఉండనీ. ఆ రోజు మైదానం ఖాళీగా ఉంది. మర్నాడు పొద్దున్నే చేతికర్ర పుచ్చుకుని వీధి చుట్టూ తిరిగి గేటులోంచి మైదానంలోకి నడిచాను. కాళ్ళకింద గరిక అప్పుడే పచ్చబడుతోంది. మెత్తగానే ఉంది, పాడుది. డెల్మర్ ట్రయిలర్‌లోకి సామాను ఎక్కిస్తున్నాడు. నన్ను చూసి చేతిలో పార కింద పెట్టాడు.

"మిస్ ఐవా."

"పోతున్నావట."

"రేపు పొద్దున్నేనండీ. టెన్నెసీ సరిహద్దు దగ్గర కొత్త బడి. రెండు మైదానాలున్నాయి, రెంటికీ గరికే వేస్తారు. నాటే కాలం ఇదే కదా."

"మరిక్కడ?"

"కుర్రాళ్ళొస్తారు. ఇదింక దానంతటదే బతుకుతుందండీ."

నేను కర్ర మొనతో గరికను కెలికాను. తర్వాత అతనే అన్నాడు.

"మీ తలుపు తట్టానండీ."

"ఇంట్లోనే ఉన్నాను."

"తెలుసు. కాఫీ వాసనొచ్చింది."

ఆ గొంతులో కోపం ఉంటే బాగుండేది. లేదు.

"మీరు ఒట్టేశారు కదండీ. బస్సులో కూడా దింపేస్తానంటే దింపేసేవారు, ఎవరి కొడుకని చూసేవారు కాదు. మీ సంగతి నాకు తెలీదా?"

"ఓరి పిచ్చివాడా!" అన్నాను. "గరిక నాకు సెప్టెంబరులోనే కనబడింది. తర్వాత నెలరోజులు రోజూ సాయంత్రం నీతో వాగుతూనే ఉన్నానా లేదా? ఒట్టు ఎప్పుడో గంగలో కలిపేశాను."

"సెప్టెంబరులోనా?"

"నువ్వు చూస్తే బాధపడతావని పొద్దున్నే పీకేదాన్ని."

నా చేతికర్ర వైపు చూశాడు. నా తుంటి వైపు చూశాడు. ట్రయిలర్ అంచుమీద కూలబడ్డాడు.

"మరి తలుపెందుకు తియ్యలేదండీ?"

"ముందు గుమ్మంలోకి ఎందుకొచ్చావు? ఓట్లడగడానికా? వెనక నుంచి వస్తే తీసేదాన్ని." అది సగమే నిజం. మిగతా సగం కూడా ఎలాగో పైకి లాగాను. "నువ్వలా టోపీ పట్టుకుని నించుంటే చూడలేకపోయానురా."

టోపీ తీసి మోకాలిమీద పెట్టుకున్నాడు. తర్వాత చిన్నగా, "నేను పనికి ఒప్పేసుకున్నానండీ. ఇల్లు కూడా ఇచ్చేశాను" అన్నాడు.

ఉండిపో అనే మాట నోటిదాకా వచ్చింది. అక్కర్లేని ప్రతిదానికీ తెరుచుకున్న నోరు, దానికి తెరుచుకోలేదు. తెరిచి మాత్రం ఏం లాభం, అవతల రెండు మైదానాలు అతని కోసం ఎదురుచూస్తున్నాయి.

"నా పచ్చిక పెరిగిపోయింది. వెళ్ళే ముందు ఒకసారి కోసిపో."

"సాయంత్రం వస్తానండీ. ఈసారి మెషీన్ శుభ్రంగా కడిగి తెస్తాను."

"కడక్కు."

"ఏవండీ?"

"కడక్కుండా తీసుకురా అంటున్నాను. చెవుడొచ్చిందా?"

సాయంత్రం వెనక వైపు నుంచే వచ్చాడు. నేను వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఈ చివర నుంచి ఆ చివరకు, ఏటవాలుగా, ఒక్క గీత కూడా తప్పకుండా కోశాడు. ఆ చప్పుడులో మాటలు వినబడవు, అయినా ఏదో అంటూనే ఉన్నాను. కోయడం అయ్యాక టీ నిలబడే తాగాడు. చిక్కుడు గింజల్లో పంచదార వెయ్యకూడదని ఇప్పటికైనా ఒప్పుకోండి అన్నాడు. చచ్చినా ఒప్పుకోను అన్నాను. గ్లాసు నా చేతికిచ్చి, మెషీన్ ట్రయిలర్‌మీదికి ఎక్కించుకుని వెళ్ళిపోయాడు.

ట్రక్కు చప్పుడు వినబడినంతసేపూ మెట్లమీదే ఉన్నాను. తర్వాత దిగి వెళ్ళి చూశాను. బ్లూగ్రాస్ మధ్యలో గరిక ముక్కలు తడి తడిగా రాలి ఉన్నాయి. హోబర్ట్‌ను క్షమించమని అడిగాను. గొట్టం విప్పి, ఆ గీతల వెంబడి నడుస్తూ, చీకటి పడేదాకా వాటికి నీళ్ళు పెట్టాను.